ఏడు పాయలు, మూడు తీర్థాలు

మా గోదావరి జిల్లాలలో "తీర్థం" అన్న మాట మూడు అర్థాలలో నడుస్తుంది. దాటుట అనే అర్థం గల సంస్కృత ధాతువు నుండి వచ్చినది గనుక తీర్థమంటే మొదట రేవు. నీటిలోకి దిగే చోటు. గుడిలో అర్చకులు అరచేతిలో పోసేది రెండవది. మూడవది జాతర. "తీర్థానికి వెళ్ళొచ్చారా?" అని మా వైపు ఎవరైనా అడిగితే జీళ్ళు, ఖర్జూరపు పళ్ళు, రంగులరాట్నం గుర్తుకు రావాలి. తెలుగు పండితునిగా ఎందరో పిల్లలకు నానార్థాలు వల్లె వేయించినవాణ్ణి. అయినా మొదటి అర్థం ఇంకిపోయిన చోట మూడవ అర్థం దానిని ఎలా నిలబెడుతున్నదో కళ్ళారా చూచినది మాత్రం 2019లో, మిత్రులతో కలిసి సంక్రాంతి నుండి మాఘమాసం దాకా డెల్టాలో తిరిగినప్పుడు.

ముగ్గురం బయలుదేరాము. ఒకరు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. రెండవవారిది కోరంగి దగ్గరి పల్లె, తపాలా శాఖలో ఉద్యోగం చేశారు. మా ఆలోచన సప్తసాగర యాత్ర జాడ పట్టడం. గోదావరి ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుందనీ, ఏడుగురు ఋషులు ఆ ఏడు పాయలను తెచ్చారనీ పురాణం. తుల్య, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వాసిష్ఠ అని వాడుకలో ఒక లెక్క. వృద్ధగౌతమికి బదులు జమదగ్ని పాయను చెప్పే లెక్క ఇంకొకటి. శ్రీనాథుని భీమేశ్వర పురాణంలో సప్తగోదావరానికి ఉన్న వైభవం సాహిత్యం చదువుకున్నవారికి తెలిసినదే. ఈ ఏడు సంగమాలలోనూ వరుసగా స్నానం చేయడమే సప్తసాగర యాత్ర. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో మొదలై మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. సంతానం కోరేవారు ఎక్కువగా చేసేవారని చెబుతారు. 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరులో హెమింగ్వే కూడా ఈ యాత్ర ముచ్చట వ్రాశాడు.

యాత్రకు ముందుగా వచ్చేది కనుమ పండుగ. ఆ రోజు మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటకు వెళ్ళాము. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ఉన్నది కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు గ్రామాల శివుళ్ళు ఏకాదశ రుద్రులై ప్రభల మీద వచ్చి ఆ తోటలో కలుసుకుంటారు. వెదురుతో కట్టి రంగురంగుల బట్టలతో అలంకరించిన ఆ ప్రభలకు చక్రాలుండవు, మనుషుల భుజాలే ఆధారం. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి రాగానే తక్కిన ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి మర్యాద చేస్తారు. సభలో పెద్దవారు రాగానే లేచి నిలబడడం వంటిదన్నమాట. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీ వీధిన మన రాష్ట్రపు శకటంగా ఈ ప్రభల తీర్థమే నడిచినది. సంతోషమే గాని, శకటం మీద చూపడానికి వీలు కానిది ఒకటున్నది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దారిలో కౌశికను దాటడం.

వంతెన ఉండనీ, ఉండకపోనీ, అవి నీటిలో దిగే రావాలి. "శరభా! శరభా!" అని కేకలు వేస్తూ, పీకల్లోతు నీటిలో, అంతెత్తు ప్రభను ఒరిగిపోకుండా అవతలి గట్టుకు చేర్చారు. గట్టు మీద నిలబడిన వేలమంది ఊపిరి బిగబట్టారు. అంతకు ముందు ఆ ప్రభలు పచ్చని వరిచేల మీదుగా నడిచి వచ్చినా రైతులు నొచ్చుకోరు, శివుడు తొక్కిన చేను పండుతుందంటారు. ఇంజనీరు గారు నా చెవి దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మా రికార్డుల్లో ఇది నది కాదండీ. కాలువ కింద లెక్క" అన్నారు. ఆయన మాట నిజమే. విశ్వామిత్రుడు తెచ్చినదని చెప్పే కౌశిక ఈనాడు పొలాల మధ్య నడిచే ఒక కాలువ. దానిని నదిగా ఎంచి నడుము దాకా, మెడ దాకా దిగేది ఏడాదికి ఆ ఒక్క పూటే. ఆ పూట లేకపోతే కౌశిక అనే పేరు ఏనాడో పోయేదని నా నమ్మకం.

చొల్లంగిలో ఈ మాట మరీ గుచ్చుకున్నది. కాకినాడ నుండి యానాం పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. పుష్య మాసపు అమావాస్యకు ఉత్తరాదివారు మౌని అమావాస్య అని పేరు పెడితే, మన పంచాంగాలు ఊరి పేరుతో చొల్లంగి అమావాస్య అంటాయి. ఒక చిన్న పల్లె పేరు తిథికి అంటుకోవడం సామాన్యమైన గౌరవం కాదు. ఇక్కడ కడలిలో కలిసేది కశ్యపుని పాయగా చెప్పే తుల్యభాగ. ఇప్పుడు ఇంజనీర్ల భాషలో అది తుల్యభాగ డ్రెయిను. పొలాల మురుగును మోసుకొని పోతుంది. తెల్లవారక ముందే జనం దిగి స్నానాలు చేస్తున్నారు. తపాలా మిత్రుడు పెద్దలకు తర్పణాలు విడవడానికి సిద్ధమైనారు. ఇంజనీరు గారికి మనసొప్పలేదు. "ఈ నీళ్ళు నోట్లో పోసుకోకండి, పుణ్యం సంగతి తరవాత" అన్నారు. ఆయన నవ్వి, "మా తాతగారు ఇంతకన్నా చెడ్డ నీళ్ళు తాగి వచ్చారు లెండి" అని దిగిపోయారు.

ఆ మాట వెనుక కోరంగి చరిత్ర ఉన్నది. చొల్లంగి దాటి కొద్ది దూరం పోతే వచ్చే కోరంగిని చూచి, ఇది ఒకప్పుడు తూర్పు తీరాన పేరుమోసిన రేవు అంటే కొత్తవారు నమ్మరు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువారి బట్టల కోఠీ, యానాంలో ఫ్రెంచివారు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివారు ఉండగా, ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ అందరికీ కోరంగే దిక్కు. 1789 డిసెంబరు తుపానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచెత్తాయని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. ఆ ఉపద్రవాన్ని తరువాత కలకత్తాలో పరిశీలించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఈనాడు లోకమంతా వాడే సైక్లోన్ అనే మాటను పుట్టించి, 1848లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చినవాడు ఆయనే. 1839 నవంబరులో మరొకటి వచ్చి ఊరిని మళ్ళీ దెబ్బతీసినది. ఆ తుపానులో మూడు లక్షల మంది మరణించారనీ, ఇరవై వేల పడవలు మునిగాయనీ పుస్తకం నుండి పుస్తకానికి ఎక్కుతూ వస్తున్న లెక్కలను నేను నమ్మను. ఆ ఊరి నేల చూచినవారెవరికైనా అంత జనం అక్కడ ఎక్కడ నిలిచారన్న సందేహం వస్తుంది. కోరంగిని చివరకు చంపినది అల కాదు, ఒండ్రు. నది తెచ్చిపోసిన మట్టితో రేవు పూడిపోగా వర్తకమంతా కాకినాడకు తరలింది.

రేవు పోయినా పేరు సముద్రం దాటింది. బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అన్నారు. ఏ జిల్లావాడైనా సరే, బర్మా రేవులో దిగితే కోరంగీయే. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య రేగిన ఘర్షణలో ఎందరో మనవాళ్ళు చనిపోయారు. మా మిత్రుని తాతగారు ఆ రేవులో మూటలు మోసినవారు. 1941 చివర జపాను బాంబులు పడగా, మరుసటి సంవత్సరం ఆరకాన్ దారిన నడిచి వచ్చిన వేలాది జనంలో ఒకరు. ఇల్లు చేరిన తరువాత బ్రతికినన్నాళ్ళూ చొల్లంగి స్నానం మానలేదట. దారిలో పోయినవాళ్ళకు ఊరూ గోత్రమూ తెలియకపోయినా నీళ్ళు వదిలేవారట. మనుమడు అమావాస్యనాడు ఆ మురుగు మోసే నీటిలో నిలబడి చేసినది ఆ పనే. ఇంజనీరు గారు మళ్ళీ మాట్లాడలేదు.

మరునాడు కాకినాడ నుండి బోటు మీద హోప్ ఐలాండుకు వెళ్ళాము. సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున కాకినాడ అఖాతానికి అడ్డుగా సాగిన ఇసుక తిన్నె అది. రెండు వందల ఏండ్ల నాడు అది లేదనే చెప్పాలి. గోదావరి ఒండ్రూ సముద్రపు ప్రవాహాలూ కలిసి పేర్చినది. కోరంగిని పూడ్చిన నదే కాకినాడ రేవుకు అలల నుండి కాపుగా ఈ దీవిని కట్టి ఇచ్చినది. పుత్రయ్యపాకలు అనే మత్స్యకారుల పల్లె, సరుగుడు చెట్లు, తూర్పు వైపున నిర్మానుష్యమైన ఒడ్డు. చలికాలపు రాత్రులలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కేది ఆ ఒడ్డునే. మడ అడవుల నడుమ తిరిగి వస్తుంటే పొద్దు వాలింది. ఒడ్డు మీద కూర్చొని మరమరాలు తింటూ మేము వాదించుకున్నది ఒక్కటే: ఏడు పాయల లెక్క ఏనాటిది?

నాకు తోచిన ఆధారం వైనతేయ. ఈనాడు పటం తీసి చూస్తే గౌతమి, వాసిష్ఠ, వైనతేయ అని మూడు పెద్ద ముఖాలు కనబడతాయి. వాటిలో వైనతేయకు సప్తగోదావరంలో చోటే లేదు! వాసిష్ఠ నుండి కొంత నీటిని ఎవరో తరువాత తీసుకుపోయారని కథ కల్పించి దానికి సమాధానం చెప్పుకున్నారు. కాలువైపోయిన కౌశిక, డ్రెయినైన తుల్యభాగ జాబితాలో ఉండి, బ్రతికి పారుతున్న వైనతేయ లేకపోవడం చూస్తే, ఈ జాబితా ఒక పాత పటం అనుకోవలసివస్తుంది. నది కదిలినది, తిథులు కదలలేదు. ఇంజనీరు గారు దీనిని సగమే ఒప్పుకున్నారు. ఏడు అన్న సంఖ్య మీది మోజుతో కూడా లెక్క కుదిర్చి ఉండవచ్చునని ఆయన వాదన. అదీ కాదనలేనిదే.

వైనతేయ కడలిలో కలిసే చోటి దగ్గరి ఊరు ఓడలరేవు. పేరులోనే వర్తకం ఉన్నది. ఇప్పుడక్కడ ఉన్నది ఓఎన్‌జీసీ వారి గ్యాస్ టెర్మినల్. అల్లవరం మండలంలోనే బెండమూర్లంక. అంతర్వేది నరసింహస్వామి ఆలయాన్ని 1823లో ఇప్పటి రూపానికి తెచ్చిన కొపనాతి కృష్ణమ్మ ఆ ఊరివారు, అగ్నికుల క్షత్రియులు. ఆలయ ధర్మకర్తలు మొగల్తూరు రాజవంశీకులు. సముద్రం మీద బ్రతికే కులంలో పుట్టినవాడు సముద్రపు ఒడ్డున గుడి కట్టించడం నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది. చరిత్ర పుస్తకాలు కోఠీల దొరల పేర్లు వ్రాసుకున్నంత శ్రద్ధగా ఆయన పేరు వ్రాసుకోలేదు.

నరసాపురం నుండి పంటు మీద సఖినేటిపల్లి చేరి, భీష్మ ఏకాదశినాడు అంతర్వేదిలో రథోత్సవం చూచాము. సంస్కృత కోశాలలో అంతర్వేది అంటే గంగా యమునల మధ్య దేశం. ఇక్కడివారు వసిష్ఠుడు యజ్ఞం చేసిన వేదిక అంటారు. వాసిష్ఠ, వైనతేయ, సముద్రం మూడూ చుట్టిన ఈ లంకకు రెండు అర్థాలూ సరిపోయాయి. సాయంకాలం అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడిచాము. నది నీరు, ఉప్పు నీరు వేరువేరు రంగులలో ఆనుకొని కనిపించే చోటు అది. ఏడు పాయలలో ఇంకా నదిలాగా సముద్రాన్ని చేరే పాయ ఒకటి చూచామన్న తృప్తి కలిగింది. కాని పల్లిపాలెం వైపు ఒడ్డును సముద్రం కోసివేస్తున్నది. ఎగువ ఆనకట్టలలో ఒండ్రు ఆగిపోగా డెల్టాకు చేరే మట్టి తగ్గినదనీ, పూడ్చడం మానిన నది వెనుక కడలి ముందుకు వస్తుందనీ ఇంజనీరు గారు ఇసుకలో పుల్లతో గీసి చూపించారు. కోరంగి ఒండ్రు ఎక్కువై పోతే, ఇక్కడ ఒండ్రు తక్కువై భయం.

మేము చూచిన ఆ రథం 2020 సెప్టెంబరులో ఒక రాత్రి కాలిపోయినది. కొత్త రథం 2021 ఫిబ్రవరి నాటికి సిద్ధమైతే, ఆ మాఘమాసంలో నేనొక్కడినే వెళ్ళాను. తపాలా మిత్రునికి ఒంట్లో బాగులేదు, ఇంజనీరు గారు మనుమల దగ్గర ఉన్నారు. రథం ఎంత ఎత్తున్నదో, టేకు చెక్కడం ఎలా ఉన్నదో చెబుదామని ఫోను చేశాను. ఆయన అదంతా విని, "అది సరే మాస్టారూ, లైటుహౌసు దగ్గరి నుంచి నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి?" అని అడిగారు. ఫోను పెట్టకుండానే నడుస్తూ అడుగులు లెక్కపెట్టి చెప్పాను. కాగితం మీద వ్రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.