తగిన ముగింపు: పదానికొక వ్యాఖ్య

బొంతపల్లిలో మా మేడ మీది గదిలో మా చెల్లెలి కొడుకు, వాడి దోస్తు ఉంటారు. ఇద్దరివీ ఫ్యాక్టరీ కొలువులే. నైట్ షిఫ్ట్ దిగొచ్చి, పండుకోకుండా ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ అనే వీడియో గేమ్ ముగింపు మీద కొట్లాడుకుంటున్నారు. “థీమ్‌కు ఏది తగింది? నువ్వే చెప్పు మామా” అని పంచాయితీ నా దగ్గరికి తెచ్చారు. తీర్పుకు ముందు ఫిర్యాదులోని మాటలు తేలాలి.

ముందు కథ. ఫ్రాన్స్‌కు చెందిన డోంట్‌నాడ్ సంస్థ చేసిన ఈ ఆట ఐదు భాగాలుగా 2015 జనవరి నుంచి అక్టోబరు దాకా వచ్చింది. ఆర్కేడియా బే అనే కల్పిత తీరపట్టణంలో మ్యాక్స్ ఫొటోగ్రఫీ చదువుతుంటుంది. బడి బాత్రూంలో ఒకమ్మాయిని తుపాకితో కాల్చడం చూసి, కాలాన్ని వెనక్కి తిప్పి బతికిస్తుంది. ఆ అమ్మాయి చిన్ననాటి స్నేహితురాలు క్లోయీ. చివరికి ఊరి మీదికి సుడిగాలి వస్తుంది. దారులు రెండే: మొదటి రోజుకు పోయి క్లోయీని చావనివ్వడం, లేదా ఊరిని సుడిగాలికి వదిలేయడం.

‘ఎంపిక’. ఇది ఇష్టం కాదు. ఒకటి కావాలనుకుంటే ఇష్టం. దానికోసం రెండోది పోగొట్టుకోవడానికి ఒప్పుకుంటే ఎంపిక. అంటే నష్టం లేనిచోట ఎంపిక లేదు. ఎంతమంది ఏది ఎంచుకున్నారో ఆట ప్రతి భాగం చివర శాతాల్లో చూపిస్తుంది. ఓట్లతో సర్పంచు తేలతాడు, కథార్థం తేలదు.

‘రివైండ్’. జరిగినదాన్ని చెరిపేయడం అని చాలామంది అనుకుంటారు. పొరపాటు. ఆటలో కాలం వెనక్కి పోతుంది, మ్యాక్స్ పోదు. నిలబడ్డ చోటే నిలబడి ఉంటుంది; తీసుకున్న వస్తువు చేతిలోనే ఉంటుంది; విన్న మాట గుర్తుంటుంది. అనగా లోకం మరుస్తుంది, ఆమె మరవదు. మూడో భాగంలో ఒక పాత ఫొటో గుండా 2008కి పోయి, కారు తాళాలు దాచి, క్లోయీ తండ్రిని ప్రమాదం నుంచి తప్పిస్తుంది. తిరిగొచ్చి చూస్తే తండ్రి ఉన్నాడు, క్లోయీ పక్షవాతంతో చక్రాల కుర్చీలో ఉంది. చేసిన మేలును మ్యాక్స్ తన చేతులతోనే రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

వీరభద్రస్వామి గుడి నీడన బతికే మాకు ఇది కొత్త కాదు. పోతన భాగవతం చతుర్థ స్కంధంలో దక్షయజ్ఞం చూడండి. వీరభద్రుడు దక్షుడి తల నరికి అగ్నిలో వేశాడు. తర్వాత శివుడు కరుణించాడు, దక్షుడు లేచాడు. కాని కాలిన తల రాలేదు, మేకతల పెట్టాల్సి వచ్చింది. ఆగిన యజ్ఞం పూర్తయింది. ఆ యజ్ఞంలో దేహం వదిలిన శివుడి భార్య సతి మాత్రం సతిగా రాలేదు, పార్వతిగా మరో పుట్టుక పుట్టింది. అంటే దేవుడు పూనుకున్న దిద్దుబాటుకు కూడా మచ్చ మిగిలింది.

‘థీమ్’. దీన్ని ఇతివృత్తం అని తెలుగు చేస్తుంటారు. నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని నాటకానికి శరీరం అంది. అంటే జరిగే కథ. కాలాన్ని తిప్పడం ఇక్కడ ఇతివృత్తం. పోయేవాళ్లను పోనివ్వలేకపోవడం థీమ్.

‘ముగింపు’. ఆగిపోవడం వేరు, ముగియడం వేరు. నాటక సంధులు ఐదింటిలో చివరిది నిర్వహణ. ముఖసంధిలో వేసిన బీజం, మధ్యలో చెదిరిన అర్థాలు అన్నీ ఒకచోట కూడటం దాని పని. ఇక్కడ బీజం ఆ బాత్రూం, అందులో వాలిన నీలి సీతాకోకచిలుక. క్లోయీని వదులుకునే ముగింపు అదే బాత్రూంకు చేరుతుంది, సీతాకోకచిలుక శవపేటిక మీద వాలుతుంది.

‘తగడం’. సుఖాంతం కాదు, న్యాయం కూడా కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీరీయుడు క్షేమేంద్రుడు ఔచిత్యమనే పేరుతో దీని మీదే ఒక గ్రంథం రాశాడు. దేనికి ఏది సరిపోతుందో దాని భావమే ఔచిత్యం.

ఇక్కడ దోస్తు అడ్డం పడ్డాడు: “మొదటి రోజుకే పోతే వారమంతా మనం చేసినయన్నీ గాలికి పోయినట్టే గద!” గట్టి ఆక్షేపణ. అయితే రివైండ్‌కు చెప్పిన అర్థం మరవొద్దు. ఊరికి ఏమీ గుర్తుండదు, మ్యాక్స్‌కు అన్నీ గుర్తుంటాయి. కాల్పులు వింటూ, ఆపగలిగీ ఆపకుండా, ఆ మూలన కూర్చుని ఏడ్చేది ఆమే. మేకతల ఆమె మెడ మీదే పడింది. రెండో ముగింపులో ఇద్దరూ శిథిలాల మధ్యనుంచి బండిలో వెళ్లిపోతారు. అక్కడ మచ్చ ఊరి మీద పడింది. పైగా ఎవరు పోయారో ఎవరు మిగిలారో ఆట చూపించదు, తొందరగా దాటిస్తుంది. నాకు నచ్చనిది ఆ తొందరే. కాబట్టి థీమ్‌కు తగింది మొదటిదే.

చెల్లెలి కొడుకు గెలిచానని లేచాడు. మెట్ల దగ్గర ఆగి, “మరి నువ్వయితే ఏది నొక్కుతవ్ మామా?” అన్నాడు.

క్లోయీని వదలలేనన్నాను.