వాడపల్లి రేవు దగ్గర ఆగిన రాజ్యాలు

దామరచర్ల మండలం వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. సంగమం దగ్గర నిలబడితే ఎదుట పల్నాడు. ఈ నీటికి ఇవతల ఒక జెండా, అవతల ఇంకొకటి ఎన్నిసార్లు ఎగిరాయో!

1459 ప్రాంతంలో బహమనీ సేనలు దేవరకొండను ముట్టడిస్తే, అక్కడి వెలమ నాయకులు ఒడిశా గజపతి కపిలేంద్రునికి కబురంపారు. ఆయన కొడుకు హంవీరుడు వచ్చి కోటను కాపాడాడు. మరుసటి ఏడాదికల్లా ఓరుగల్లు గజపతుల పాలైంది. 1515లో కొండవీడు గెలిచిన కృష్ణదేవరాయలు, తర్వాతి సంధిలో కృష్ణకు ఉత్తరాన గెలిచినదంతా గజపతి ప్రతాపరుద్రునికి తిరిగిచ్చాడు. నదే సరిహద్దయింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది హైదరాబాదు నిజాం అలీఖాన్ కథ. 1795లో ఖర్డా దగ్గర మరాఠాలు మీదపడితే ఇంగ్లీషువాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఓడిన నిజాం ఫ్రెంచి సేనాని రేమండ్ పటాలాలను నమ్ముకున్నాడు. 1798 మార్చిలో రేమండ్ పోయాడు. మైసూరు టిప్పుకు ఫ్రెంచివాళ్లు తోడవుతారన్న భయం ఇంగ్లీషువాళ్లది, మరాఠాల భయం నిజాంది. సెప్టెంబరులో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. అక్టోబరులో రేమండ్ పటాలాల చేత ఆయుధాలు దింపించారు. వాటి బదులు వచ్చిన ఇంగ్లీషు పటాలాల ఖర్చు ఏటా 24 లక్షల రూపాయలకు పైమాటే. 1800లో ఆ ఖర్చు కింద నిజాం బళ్లారి, కడప సీమలే రాసిచ్చాడు. అవే దత్తమండలాలు. శత్రువు రాకుండా కాపలా పెట్టుకుంటే, కాపలావాడి జీతానికే పొలం పోయింది. మరుసటి ఏడు ఆర్కాటు నవాబు నుంచి పల్నాడూ ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. వాడపల్లి రేవు రెండు ప్రభుత్వాల పొలిమేరగా మారింది. ఉత్తరాన మునగాల పరగణా మాత్రం నిజాం నేల నడుమ ఇంగ్లీషు ద్వీపంలా ఉండేది.

1947లో ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతూ, సంస్థానాలతో చేసుకున్న పాత ఒప్పందాలు ఇక చెల్లవన్నారు. నిజాం భారత్‌లో చేరలేదు. అతని పక్షాన నిలిచిన రజాకార్ల దాడులకు తాళలేక ఈ పల్లెల కుటుంబాలెన్నో సరిహద్దు దాటి తలదాచుకున్నాయి. 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి సేనాని రుద్ర నాయకత్వాన కదిలిన భారత సేన పొద్దున్నే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరింది. మర్నాడు విమానదాడుల తర్వాత సూర్యాపేట చిక్కింది. వెనుదిరిగిన నిజాం సేన మూసీ వంతెనను కూల్చింది. అయితే దాన్ని కాచే తుపాకీ ఒక్కటీ లేకపోవడంతో, భారత సేన త్వరగానే బాగుచేసుకుని సాగిపోయింది. 17న హైదరాబాదు లొంగిపోయింది.

1956లో రెండు గట్లూ ఒక రాష్ట్రమయ్యాయి. 2014 నుంచి వాడపల్లి వంతెనకు ఈ కొసన తెలంగాణ, ఆ కొసన ఆంధ్రప్రదేశ్.