చిన్న కార్ఖానాలో పుట్టిన విద్యుద్గిటారు

పాత వస్తువును కొనబోవువాడు సామాన్యముగా రెండు ప్రశ్నలు వేయును: ఇది ఎవరు చేసినది? ఎంతకాలము వాడినది? సైకిలైనను, కుట్టుమిషనైనను మొదటి ప్రశ్నకు దానిమీదనున్న పేరే జవాబు చెప్పును. కాని ఒక ఊరి పనివాడు తన పెరటి కొట్టములో చేసిన విద్యుద్గిటారు మరల అమ్మకమునకు వచ్చినపుడు పేరు చూచి ప్రయోజనము లేదు. దానికి ధరల పట్టికలో చోటుండదు. విడిభాగములు అంగడిలో దొరకవు. చేసినవాడు ఎక్కడనున్నాడో అమ్మువానికే తెలియకపోవచ్చును. అట్టి వాద్యము మంచిదో చెడ్డదో తెలియుట ఎట్లు? విద్యుద్గిటారు చరిత్రయే ఇందుకు దారి చూపును. ఏలయనగా ఆ వాద్యమునకు నేడున్న రూపము చాలభాగము చిన్న కార్ఖానాలలోనే ఏర్పడినది.

తీగయు అయస్కాంతమును

1920 ప్రాంతమున అమెరికాలోని నృత్యవాద్య బృందములలో గిటారు వాయించువారికి ఒక పెద్ద చిక్కు ఉండెను. బాకాల మోతలోను, డ్రమ్ముల చప్పుడులోను గిటారు ధ్వని ఎవరికిని వినబడకుండెను. హవాయి పద్ధతిలో గిటారు వాయించు జార్జి బోషాం అను వాద్యకారుడు ఈ చిక్కును తీర్చబూనెను. అతడు మొదట గ్రామఫోను ముల్లుకు అమర్చు విద్యుత్సాధనముతో ప్రయోగములు చేసెను. తుదకు అతనికి దారి చూపినది 1831 లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రము.

ఆ సూత్రము సులభమైనదే. తీగచుట్ట గుండా పోవు అయస్కాంత క్షేత్రము మారుచున్నచో ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును. గిటారు తీగ ఉక్కుది. అయస్కాంతము చెంత అది కంపించినపుడు క్షేత్రము కూడ దానితోపాటు కదలును. క్రిందనున్న చుట్టలో అదే లయతో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయరు పెద్దది చేసి లౌడుస్పీకరుకు అందించును. అయస్కాంతమును, చుట్టను కలిపి పికప్ అందురు. పికప్ వినునది గాలిలోని ధ్వనిని కాదు, ఉక్కు తీగ కదలికను. అందుచేతనే నైలాను తీగలు వేసినచో అట్టి పికప్ మూగబోవును.

1931 లో బోషాం బృందము కొయ్యతో చెక్కించిన మొదటి నమూనా తయారయ్యెను. లాస్ ఏంజెలెస్‌లో లోహపు పనిముట్ల కార్ఖానా నడుపుచుండిన అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ అతనితో చేతులు కలిపెను. 1932 లో పోత అల్యూమినియముతో చేసిన వాద్యములు అమ్మకమునకు వచ్చెను. గుండ్రని మొండెము, పొడవైన మెడ ఉండుటచే జనులు దానిని ‘వేపుడు పెనము’ అని పిలిచిరి. 1934 లో బోషాం పెట్టిన దరఖాస్తుకు 1937 లో గాని పేటెంటు లభింపలేదు. అప్పటికే ఇతరులు అదే మార్గమున వాద్యములు చేయ మొదలుపెట్టిరి.

దిమ్మ చేసిన మేలు

బోలు గిటారుకు పికప్ అమర్చినచో మరియొక తంటా వచ్చెను. స్పీకరు మోతకు గిటారు పలక తానే అదరును. ఆ అదురు తీగను కదలించును. తీగ మరల స్పీకరును మ్రోగించును. ఇట్లు చక్రము తిరిగి తుదకు చెవులు చిల్లులుపడు కూత పుట్టును. మొండెము బోలుగాక గట్టి దిమ్మయైనచో ఈ బాధ చాలవరకు తగ్గును. పైగా తీగకు మీటుచే వచ్చిన శక్తి పలకను అదరించుటకు త్వరగా వ్యయము కానందున స్వరము చాలసేపు నిలుచును. 1940 ప్రాంతమున న్యూయార్కులో లెస్ పాల్ అను వాద్యకారుడు నాలుగంగుళముల చదరపు కొయ్యదిమ్మకు తీగలు బిగించి ఈ విషయమును పరీక్షించెను. కాని దానిని తయారుచేయుటకు పెద్ద కంపెనీలు అప్పట్లో ముందుకు రాలేదు.

ఆ పని కాలిఫోర్నియాలోని డౌనీ అను ఊరిలో పాల్ బిగ్స్‌బీ చేసెను. 1899 లో పుట్టిన ఇతడు మోటారు సైకిళ్ల కార్ఖానాలో పనిచేసినవాడు. పోతపనిలోను, కొయ్యపనిలోను సమానముగా ఆరితేరినవాడు. మెర్ల్ ట్రావిస్ అను పేరుగాంచిన గాయకుడు తనకు కావలసిన గిటారును కాగితముపై గీసి ఇతని చేతికిచ్చెను. 1948 లో వాద్యము సిద్ధమయ్యెను. పలుచని గట్టి మొండెము, ఆరు బిరడలును ఒకే ప్రక్కన ఉండుట దాని విశేషములు. ఆ గిటారు తరువాత నాష్‌విల్‌లోని కంట్రీ సంగీత ప్రదర్శనశాలకు చేరెను.

బిగ్స్‌బీ కోరినవారికి కోరినట్లు ఒక్కొక్కటిగా చేసియిచ్చెడివాడు. పలు వాద్యములపై కొన్నవాని పేరునే పొదిగెడివాడు. అందుచేత వానిని తరువాత కొన్నవాడు ఇతరుల పేరును తన రొమ్ముపై మోయవలసి వచ్చెను! ఇట్టి పనివాని దగ్గర వేచియుండవలసినదే గాని తొందరపెట్టుటకు వీలు లేదు.

నాలుగు మరలు

డౌనీకి అనతిదూరముననే ఫుల్లర్టన్ అను పట్టణమున లియో ఫెండర్ రేడియోలు బాగుచేయు దుకాణము నడుపుచుండెను. అతనికి గిటారు వాయించుట రాదు. కాని చెడిపోయిన వస్తువు మరమ్మతుకు వచ్చినపుడు ఏ భాగము త్వరగా విప్పుటకు వీలుండవలెనో అతనికి బాగుగా తెలియును. అందుచే 1950 లో తెచ్చిన దిమ్మగిటారుకు మెడను జిగురుతో అతికింపక నాలుగు మరలతో బిగించెను. మెడ పాడైనచో దానిని విప్పి వేరొకటి బిగించుకొనవచ్చును. 1951 నుండి టెలికాస్టర్ అను పేరుతో ప్రసిద్ధికెక్కినది ఆ వాద్యమే. 1965 లో ఫెండర్ తన సంస్థను 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మెను.

ఫెండర్ తన గిటారును చూచియే బిరడలను ఒకే ప్రక్కన పెట్టెనని ట్రావిస్ తుదివరకు చెప్పుచుండెను. ఫెండర్ దీనిని ఒప్పుకొనలేదు. నిజమునకు అట్టి అమరిక 19 వ శతాబ్దమున వియన్నాలో చేసిన గిటారులలోనే కలదు. ఒకని పేరు లోకమంతట ప్రాకెను. మరియొకని పేరు ముఖ్యముగా స్వరమును ఊగించు చేతికమ్మిపై నిలిచెను. ఇద్దరును మొదట ఊరి పనివారలే.

మారుబేరమున ఎవరికి లాభము?

పాత వాద్యము చేతులు మారునపుడు లాభము అమ్మినవానిదే. చేసినవానికి దమ్మిడీ రాదు. దీనికి విరుద్ధముగా జరిగిన ఘటన ఒకటి కలదు. ఉత్తర కాలిఫోర్నియాలో డగ్ ఇర్విన్ అను పనివాడు జెర్రీ గార్సియా అను వాద్యకారునకు 1973 లో ‘తోడేలు’, 1979 లో ‘పులి’ అను గిటారులను చేసియిచ్చెను. 1995 లో గార్సియా మరణించెను. ఇర్విన్ చేసిన గిటారులు తిరిగి ఇర్విన్‌కే చెందవలెనని అతడు వీలునామా వ్రాసియుండెను. గార్సియా బృందమువారు అవి తమ ఉమ్మడి ఆస్తియని వాదించిరి. వివాదము రాజీతో ముగిసి ఆ రెండు వాద్యములును ఇర్విన్‌కు దక్కెను. 2002 లో న్యూయార్కు వేలములో ‘పులి’ 9,57,500 డాలర్లకును, ‘తోడేలు’ 7,89,500 డాలర్లకును అమ్ముడుపోయెను. వాద్యము తన నిర్మాత ఋణమును తీర్చుట ఇట్లు అరుదుగా జరుగును.

కొనువాని పరీక్షలు

ఇట్టి ధర అందరి వాద్యములకును రాదు. ఊరి పనివాని గిటారును కొనువాడు దానిలో మార్చదగిన వేమిటి, మార్చరాని వేమిటి అని విడదీసి చూడవలెను.

మొదట మెడ. ఆరు ఉక్కు తీగలును కలిసి మెడను సుమారు 40 నుండి 50 కిలోల బలముతో లాగుచుండును. ఏండ్ల తరబడి ఈ లాగుడుకు మెడ వంగవచ్చును. చాల గిటారులలో మెడలోపల దీనిని సరిదిద్దు ఉక్కుకమ్మి ఉండును. దాని మర తిరుగుచున్నదో లేదో చూడవలెను. వంగిన మెడను సవరించవచ్చును గాని మెలితిరిగిన మెడను బాగుచేయుట కష్టము. అది జిగురుతో అతికినదైన బేరము వదలుకొనుట మేలు. మరలతో బిగించినదైనచో దారి యుండును.

తరువాత మెట్లు. మన వీణకు మెట్లను మైనముపై నిలుపుదురు. అపస్వరము వచ్చినచో మైనము మెత్తజేసి మెట్టును జరుపవచ్చును. గిటారు మెట్లను కొయ్యలో కోసిన గాడులలో దిగగొట్టుదురు. జరుపుటకు వీలు లేదు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లైనచో మొదటి మెట్టు మేరువునుండి సుమారు 36 మిల్లీమీటర్ల దూరమునను, పండ్రెండవది సరిగా సగము, అనగా 324 మిల్లీమీటర్ల దూరమునను ఉండవలెను. పండ్రెండవ మెట్టుపై తీగను తేలికగా తాకి మీటినపుడు వచ్చు స్వరమును, గట్టిగా నొక్కి మీటినపుడు వచ్చు స్వరమును ఒకటి కావలెను. కానిచో గుర్రమును కొంచెము జరిపి సరిచేయవచ్చును. అట్లు చేసినను కొన్ని మెట్లు మాత్రమే తప్పు పలికినచో గాడులు కోసిన చేతిదే దోషము. ఆ దోషము తీరదు.

ఇక పికప్. దాని చుట్టలో వెంట్రుకవంటి సన్నని రాగితీగ వేల చుట్లు ఉండును. ఓమ్ మీటరు పెట్టి చూచినపుడు నిరోధము కొన్ని వేల ఓములు చూపవలెను. మీటరు కదలనిచో తీగ తెగినదని అర్థము. కాని భయపడ నక్కరలేదు. దానిని మరల చుట్టించవచ్చును. ఆ మేరకు ధర తగ్గించుమని అడుగవచ్చును. ఒంటిచుట్ట పికప్ కరెంటు తీగల నుండి గుయ్యిమను రొదను గ్రహించును. ఇది లోపము కాదు, దాని స్వభావము. 1955 లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, రొద తనను తానే కొట్టివేసికొనునట్లు చేసెను. అయితే తీగలను ముట్టినపుడు చేతికి షాకు తగిలినచో మాత్రము వెంటనే చేయి తీసి కరెంటు ఆపవలెను. తరచుగా దోషము ఆంప్లిఫయరు భూసంధానములో ఉండును, అది ప్రాణాపాయకరము.

ఈ పరీక్షలలో దేనికిని పేరుతో పని లేదు. కొలబద్ద, మీటరు, చెవి చాలును. బిగ్స్‌బీ గిటారైనను, ఊరుపేరు లేని పనివాని గిటారైనను ఉక్కు తీగ కంపించు నియమము ఒక్కటే. గాడులు సరిగా కోసిన చేయి ఏ ఊరిదైనను మెట్లు ఆ మాట చెప్పును. అది విని కొన్నవాడు మోసపోడు. చేసినవాని శ్రమయు మరుగున పడదు.