చద్ది మూట నుంచి క్యారేజీ దాకా

"రేపు బాక్సులోకి ఏం పెట్టాలి?" రాత్రి వంటిల్లు సర్దుకుంటూ మనలో చాలామంది అనుకునే మాటే. తెల్లవారుజామునే లేచి, అన్నం, పప్పు, కూర వండి వేడివేడిగా సర్దితేనే మంచి ఇల్లాలు అని కూడా ఎక్కడో మనసులో పడిపోయింది. ఇది తరతరాల ఆచారమని అనుకుంటాం. కానీ మధ్యాహ్నపు తిండి కథ కాస్త వెనక్కి వెళ్లి చూస్తే వేరేగా ఉంటుంది.

"పెద్దల మాట చద్ది మూట" అన్న సామెత ఊరికే పుట్టలేదు. రాత్రి వండిన అన్నంలో నీళ్లో, మజ్జిగో పోసి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులిసేది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఓ ఊరగాయ ముక్క తోడైతే పొలానికి భోజనం సిద్ధం. జొన్నలు, రాగులు పండే చోట్ల గటక, రొట్టె, సంగటి, అంబలి ఉండేవి. 15వ శతాబ్దంలో పోతన రాసిన భాగవతంలో చిన్నికృష్ణుడు గోపబాలురతో కలిసి తిన్నదీ ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దే, పక్కన ఊరగాయలే. పులుపు వల్ల అన్నం తొందరగా చెడదు, ఒంటికి చలవ. పొద్దున్నే పొయ్యి వెలిగించే పని లేదు. సులువైన, ఆరోగ్యకరమైన లంచ్ అని మనం ఇప్పుడు వెతుక్కుంటున్నది అదేగా!

తర్వాత రైళ్లు, ఆఫీసులు, బడి గంటలు వచ్చాయి. ఇంట్లో కూర్చుని తినాల్సిన భోజనమంతా అరల గిన్నెల్లోకి ఎక్కింది. టిఫిన్ క్యారియర్ మన నోట క్యారేజీ అయింది. ఇత్తడి గిన్నెల్లో పులుసు పెడితే చిలుము పట్టేది, అందుకే లోపల కళాయి పూయించేవారు. సత్తు గిన్నెలు తేలికే గానీ వాటికీ పులుపు పడదు. 1913లో ఇంగ్లండులో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు. ఆ స్టీలు మన ఇళ్లలోకి వచ్చాక పులిహోర, పప్పుచారు, పెరుగన్నం దేన్నైనా నిశ్చింతగా సర్దగలిగాం. గిన్నె బాధ తీరింది. వంట బాధ మాత్రం పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు అన్నీ పెట్టొచ్చు కదా!

బొంబాయిలో దీనికో దారి దొరికింది. 1890లో మహాదేవ్ హవాజీ బచ్చే మొదలుపెట్టిన డబ్బావాలాల ఏర్పాటులో, భర్త పొద్దున్నే వెళ్లిపోయినా ఆ తర్వాత డబ్బావాలా ఇంటికి వచ్చి క్యారేజీ తీసుకెళ్లి మధ్యాహ్నానికి ఆఫీసులో అందిస్తాడు. అంటే వంట చేసే మనిషికి రెండు మూడు గంటలు కలిసొచ్చాయన్నమాట. అలాంటి సాయం లేని ఇళ్లలో మాత్రం ఆఫీసు బస్సు టైమే ఇల్లాలు నిద్రలేచే టైమైంది.

మన దగ్గర 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదింటి కంచంలో కూడా తెల్లన్నం పెరిగింది, జొన్నలు, రాగులు వెనక్కి జరిగాయి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. పొద్దున్నే కూలికి వెళ్లే తల్లికి అదెంత ఊరటో! పిల్లల మధ్యాహ్నపు తిండి అమ్మ ఒక్కదాని బాధ్యత కాదని అందరూ ఒప్పుకున్నట్టే కదా.

కాబట్టి రోజూ కొత్త కూర, వేడి అన్నం అన్నది కొద్ది తరాల అలవాటే. ముందే సిద్ధం చేసుకోవడమే అసలు పాత పద్ధతి. సెలవు రోజున పులిహోర పులుసు కాచి పెట్టుకుంటే పొద్దున అన్నంలో కలపడమే పని. మెత్తగా వండిన అన్నం గోరువెచ్చగా అయ్యాక పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి బాక్సులో పెడితే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. జొన్నరొట్టె, నువ్వుల పొడి, ఓ కీరా ముక్క ఉన్నా చాలు, కడుపు నిండుతుంది.

ఇంకో మాట. చద్ది మూట కట్టిన ఆడవాళ్లు చాలామంది తామూ పొలానికి వెళ్లేవాళ్లే, ఆ మూటలో వాళ్ల వాటా కూడా ఉండేది. అందరి బాక్సులూ సర్దాక గిన్నె అడుగున మిగిలిందే మన భోజనం కాకూడదు. రేపటి నుంచి ఇంకో బాక్సు తీయండి, ముందు మీకే పెట్టుకోండి.