మరమ్మత్ వేరు, దేఖ్‌భాల్ వేరు: ముసలి బండ్ల తారీఖ్

తెలుగువాళ్లు రోజూ వాడే మాటల్లో 'మరమ్మతు' ఒకటి. రోడ్డు మరమ్మతు, బోరు మరమ్మతు, కరెంటు లైన్ల మరమ్మతు. అరబీ నుంచి ఫార్సీలోకి, ఫార్సీ నుంచి ఉర్దూలోకి, అక్కణ్నుంచి తెలుగులోకి నడిచొచ్చిన మాట అది. ఇవాళ సర్కారీ బోర్డుల మీద దర్జాగా కూర్చుంది. మన ఇళ్లల్లో దానికి పక్కనే ఇంకో మాట ఉంది: దేఖ్‌భాల్. అది మాత్రం మన గడప దాటి తెలుగులోకి పోలేదు. రెండింటి మధ్య ఫర్క్ చిన్నది కాదు. పాడయ్యాక చేసేది మరమ్మత్. పాడు కాకముందే చూసుకునేది దేఖ్‌భాల్. 'దేఖ్' అన్నా చూడటమే, 'భాల్' అన్నా చూడటమే. రెండుసార్లు చూడమని ఆ మాటలోనే ఉంది.

మన దేశంలో కార్ల తారీఖ్ రాసినవాళ్లు కంపెనీల గురించి రాశారు, మోడళ్ల గురించి రాశారు, ఏ మంత్రి ఏ కారెక్కాడో రాశారు. ఆ కార్లు లక్షల కిలోమీటర్లు ఎట్లా నడిచాయి, నడిపించిన నల్లటి గ్రీజు చేతులు ఎవరివి అన్నది రాసినవాళ్లు తక్కువ. ఆ దాస్తాన్ మన మొహల్లాలదే గనుక మనమే చెప్పుకోవాలి.

చౌమహల్లా ప్యాలెస్‌కి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ని చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం 1911లో ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. బండి వచ్చేలోపే, అదే ఏడాది ఆగస్టులో ఆయన ఇంతెకాల్ అయ్యారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో అది జులూసులకు తప్ప బయటికి రాలేదు. దాని మొత్తం ప్రయాణం కొన్ని వందల మైళ్లే. తర్వాత దశాబ్దాల పాటు నిలబడే ఉంది. మళ్లీ నడవాలంటే నిపుణులు దాన్ని పూర్తిగా విప్పి బాగుచేయాల్సి వచ్చింది.

తక్కువ తిరిగిన బండే మంచి బండి అని సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మనవాళ్లంతా నమ్ముతారు. ఆ నమ్మకానికి ఈ షాహీ బండే జవాబ్. నిలబడ్డ బండిలో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. ట్యాంకులో తుప్పు పేరుకుంటుంది. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. టైర్లు ఒకేచోట బరువు మోసి నొక్కుకుపోతాయి. బండి ఉమ్ర్‌ని మీటర్ చెప్పదు.

అదే నిజాం రాజ్యంలో ఇంకోవైపు చూడండి. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సులేమో స్కాట్లాండ్‌కి చెందిన అల్బియన్ కంపెనీవి. విడిభాగం కావాలంటే సముద్రం దాటి రావాలి. అలాంటప్పుడు పాడయ్యేదాకా ఆగడం కుదరదు. రోజూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జనాన్ని మోసే బస్సు దారిలో ఆగిపోతే టికెట్ కొన్నవాళ్లు అడవిలో నిలబడాలి. డిపో అనే ఏర్పాటుకి అసలు విలువ అక్కడుంది. బస్సు బాగుందా అని డ్రైవర్‌ని అడిగి ఊరుకోరు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో హిసాబ్ చూస్తారు. హిసాబ్ ప్రకారం ఆయిల్, హిసాబ్ ప్రకారం గ్రీజు, హిసాబ్ ప్రకారం బ్రేకులు. 1951లో ఆ శాఖ హైదరాబాద్ ప్రభుత్వం చేతికొచ్చింది, 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయింది. పేర్లు మారినా ఈ పాబందీ మారలేదు. మన రెండు రాష్ట్రాల్లో పల్లెటూరి మనిషికి బస్సు మీద ఉన్న భరోసా అక్కడ పుట్టిందే.

కారు ఉన్న ఇళ్లకు ఈ పాబందీ ఇంకో దారిలో వచ్చింది. 1950ల మొదట్లో భారత ప్రభుత్వం ఒక ఫైసలా చేసింది: విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మడం కాదు, ఇక్కడే తయారు చేసేవాళ్లే ఉండాలి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ దుకాణం కట్టేసుకుని వెళ్లిపోయాయి. కార్లు చేసే కంపెనీలు మూడు మిగిలాయి. ఉత్తరపరాలో హిందూస్తాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. 1957లో ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో అంబాసిడర్ వచ్చింది. డబ్బు కట్టినా బండి కోసం ఏళ్ల తరబడి ఇంతెజార్ చేయాల్సిన రోజులవి. కొత్తది దొరకనిచోట పాతదాన్ని ఎవరూ చావనివ్వరు. ఆ మజ్బూరీ లోంచే ఒక హునర్ పుట్టింది.

అంబాసిడర్ నోరులేని బండి కాదు. ఆకలేస్తే చెప్పేది, నొప్పేస్తే చెప్పేది. ముందు చక్రాల దగ్గర గ్రీజు నిపుల్స్ ఉండేవి. గ్రీజు గన్ పెట్టి కొట్టకపోతే స్టీరింగ్ బరువెక్కేది. టాపెట్లు వదులైతే టకటకమనేది. పాయింట్లు కాలిపోతే పొద్దున్నే స్టార్ట్ కానని మొరాయించేది. ఇంజిన్ ఆయిల్ ఐదువేల కిలోమీటర్లకోసారి మార్చడం ఉస్తాదుల షరియత్ లాంటిది. ఎందుకంటే పెట్రోల్ మండినప్పుడు వచ్చే మసి, ఆమ్లం, కాలని పెట్రోల్ చుక్కలు కొద్దికొద్దిగా ఆయిల్లోకి దిగుతాయి. ఆయిల్ తన లోపల ఆ మురికిని మోస్తుంది. మోసే తాకత్ అయిపోయాక అదే మురికి బేరింగుల్ని గీకుతుంది. ఆయిల్ నల్లబడటం ఐబ్ కాదు, అది పనిచేసిందనడానికి గవాహీ. నల్లబడ్డాక కూడా అందులోనే తిప్పడం లాపర్వాహీ.

ఇంత చూసుకున్నా లోహం అరుగుతుంది. పిస్టన్ తిరిగే సిలిండర్ గోడ అరిగి ఆయిల్ తాగడం మొదలుపెడితే బండి లేత్ వర్క్‌షాపుకి పోయేది. గోడని అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన కోసి పెద్దది చేసేవారు. మొదట పది వేలవంతులు, మరోసారి ఇరవై, తర్వాత ముప్పై, నలభై. ప్రతిసారీ దానికి సరిపోయే లావు పిస్టన్. కోయడానికి గోడ మిగలకపోతే స్లీవ్ దించి మళ్లీ మొదటి కొలతకు తెచ్చేవారు. ఒక్క ఇనుప బ్లాకుకి అన్ని జిందగీలు. ఆ కొలత చూడటానికి మన ఉస్తాదుల దగ్గర మైక్రోమీటర్ ఉండేది. దానికంటే ముందు బొటనవేలు ఉండేది.

మా మొహల్లాలో ఒక ట్యాక్సీ చాచా ఉండేవారు. ఆయన అంబాసిడర్ మీటర్‌లో ఐదంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నాకొచ్చేది. ఎన్నిసార్లు సున్నాకొచ్చిందో ఆ మీటర్‌కి తెలీదు, చాచా కితాబ్‌కి తెలుసు. సీటు కింద రెక్సిన్ అట్ట నోటుబుక్కులో ఉర్దూలో రాసుకునేవారు: తారీఖు, కిలోమీటర్లు, ఏం మార్పించారు, ఎంతైంది. చదువు నాలుగో జమాత్ దాటలేదు. రోజీ మొత్తం ఆ నాలుగు చక్రాల మీదే గనుక రాయడం మాత్రం మానలేదు. బండి అమ్మినప్పుడు కొన్నాయన మీటర్ చూడలేదు, ఆ కితాబ్ తిరగేసి బయానా ఇచ్చాడు.

ఇదేదో మన గరీబీ వల్ల వచ్చిన అలవాటు అనుకుంటారేమో. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్స్ టీచర్ 1966లో ఒక ఎర్ర వోల్వో కొన్నారు. 2013లో దాని మీద ముప్పై లక్షల మైళ్లు పూర్తిచేశారు. అంటే 48 లక్షల కిలోమీటర్లు. ఒకే యజమాని చేతిలో ఇంత తిరిగిన కారుగా గిన్నిస్ బుక్‌లోకెక్కింది. ఆయన్ని అందరూ రాజ్ ఏంటని అడిగేవారు. బండితోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఏం రాసుందో అది, చెప్పిన వేళకి చేయించడమే ఆయన చేసింది. మూడువేల మైళ్లు దాటీదాటకముందే ఆయిల్ మార్పించేవారు. తొలిసారి ఇంజిన్ విప్పింది 6,80,000 మైళ్ల దగ్గర. డాలర్ల దేశం టీచర్‌దీ, మన ట్యాక్సీ చాచాదీ ఒకటే కితాబ్.

1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. 1993లో కార్ల పరిశ్రమకి లైసెన్స్ రాజ్ పోయింది. బండి కోసం ఇంతెజార్ పోయి, బండే మనకోసం షోరూంలో ఇంతెజార్ చేసే కాలం వచ్చింది. బండ్లు మంచివయ్యాయి, ఆ మాట ఒప్పుకోవాలి. గ్రీజు నిపుల్స్ పోయాయి, పాయింట్లు పోయాయి, కార్బురేటర్ పోయింది. ఆయిల్ పదివేల కిలోమీటర్లకోసారి చాలంటున్నారు. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది: బండి మాట్లాడటం మానేసింది.

అంబాసిడర్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఉండేది. అరిగితే గలగలమని చెప్పేది. స్క్రూడ్రైవర్ ఒక కొసని ఇంజిన్‌కీ, ఇంకో కొసని చెవికీ ఆనించి ఉస్తాద్ మర్జ్ కనిపెట్టేవాడు. మారుతి 800లో దాని జాగాలో రబ్బరు బెల్టు వచ్చింది. బెల్టు అరుగుతుంటే చప్పుడు చేయదు, ఒకరోజు తెగుతుంది. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్ వెళ్లి వాల్వుల్ని గుద్దుకుంటుంది. వేలతో పోయేది అంతకు ఎన్నో రెట్లవుతుంది. బ్రేక్ ఆయిల్ కూడా అంతే. గాల్లో తేమని మౌనంగా తాగుతూ ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆ తేమ ఆవిరైతే పెడల్ కిందిదాకా పోతుంది. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని గుణం కూడా ఏళ్లకొద్దీ మెల్లగా తగ్గిపోతుంది. వేటికీ చప్పుడు లేదు. చప్పుడు విన్నాక ఉస్తాద్ దగ్గరికి పోయే పాత రివాజ్ అంబాసిడర్‌కి సరిపోయింది. నోరులేని బండికి తారీఖు చూసి పోవాలి.

ఈ మార్పులో నలిగిపోయింది మన ఉస్తాదులు. 2006 నాటి సచార్ కమిటీ రిపోర్టులో ముస్లింలు ఎక్కువగా ఉన్న పనుల్లో మోటారు బండ్ల రిపేరు కూడా కనిపిస్తుంది. హైదరాబాద్ బస్తీల షెడ్ల నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా ఆ మాట చూసినవాళ్లకి కొత్తేం కాదు. ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కి హునర్ చేతితో చేతికి దిగింది. దాంట్లో జుల్మ్ కూడా ఉంది, దాచొద్దు. బడిలో ఉండాల్సిన పదేళ్ల పిల్లాడు 'ఛోటూ'గా పేరు పోగొట్టుకుని పానాలు అందించాడు. ఆ హునర్ ఎక్కడా కాగితం మీదికి రాలేదు. కంపెనీ మాన్యువల్ అంగ్రేజీలో ఉంది, ఉస్తాద్ ఇల్మ్ వేళ్లలో ఉంది. స్కానర్ పెట్టి కోడ్ చదివే కాలమొచ్చేసరికి వేళ్లకి తెలిసింది చాలలేదు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినప్పుడు పేపర్లన్నీ కారు కోసం మర్సియా చదివాయి. దాన్ని బతికించినవాళ్ల కోసం ఎవరూ చదవలేదు. మన పిల్లాడికి ఈ పని మీద షౌక్ ఉంటే పదో తరగతి చదివించి, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో చేర్చి, ఆ తర్వాత ఉస్తాద్ దగ్గరికి పంపాలి. చదువూ హునర్ రెండూ ఉన్న చెయ్యి ఖాళీగా ఉండదు.

ఇక మీ ఇంటి ముందున్న బండి సంగతి. 15 ఏళ్లు నిండిన సొంత కారుకి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితేనే రిజిస్ట్రేషన్ మళ్లీ దొరుకుతుంది. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలు కాస్తా 5,000 అయింది. స్క్రాప్ పాలసీ 2021లోనే వచ్చింది. పాత బండి ఉంచుకోవాలంటే ఇప్పుడు దాని సెహత్ రుజువు చేయాలి. కొత్త బండి అంటే ఏళ్లపాటు బ్యాంకుకి ఈఎంఐ, పైగా సూద్ గొడవ. లక్షన్నర తిరిగిన బండిని ఇంకో లక్ష తిప్పగలిగితే ఆ పైసలు పిల్లల ఫీజులకి, బేటీ నికాహ్‌కి మిగులుతాయి. దానికి కావాల్సింది పెద్ద ఖర్చు కాదు, పాబందీ. ఆయిల్, ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్లకి, తక్కువ తిరిగితే కనీసం ఏడాదికోసారి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి. రేడియేటర్లో బోరు నీళ్లు కాకుండా సరైన కూలెంట్. టైమింగ్ బెల్టు ఉంటే పుస్తకంలో రాసిన గడువు దాటనివ్వొద్దు. నెలకోసారి టైర్ల గాలి, బ్యాటరీ టెర్మినళ్లు, బండి నిలబెట్టిన చోట నేల మీద మరకలు చూడాలి. తడి మరక ఏ రంగులో ఉందో చూస్తే ఏది కారుతోందో సగం తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ కొని పాత హిసాబ్ దొరక్కపోతే, ఏదీ మార్చలేదనే అనుకుని మొదటి నెలలోనే ఇవన్నీ మార్పించండి.

ఇవాళ జుమ్మా నుంచి ఇంటికొచ్చాక డ్యాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు పెట్టండి. మొదటి పేజీలో నేటి తారీఖు, మీటర్ మీదున్న అంకె రాయండి. ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా బండికి ఫర్క్ లేదు.