కొండ ఎక్కించిన గొలుసు

మొన్న ఆదివారం మా అమ్మాయి గేరు సైకిలు చైను మళ్ళీ ఊడింది.

విశాఖపట్నంలో సైకిలు తొక్కడమంటే సగం ఎత్తు, సగం పల్లం. ఎత్తు వస్తే ఆ చైను ఎక్కనని మొరాయిస్తుంది, కరకరమంటుంది. పల్లం వస్తే అవతలికి జారి ఊడి కూచుంటుంది. మా పిల్ల దాన్ని తగిలించుకుని, నల్లటి గ్రీజు చేతులతో ఇంటికొచ్చి, ఆ చేతులతోనే ఫ్రిజ్ తలుపు తీస్తుంది.

"ఎందుకొచ్చిన గేర్లు? మేం తొక్కలేదూ! కాళ్ళలో బలం లేనివాళ్ళకే అవన్నీ" అన్నారు మావారు పేపరు మడుస్తూ.

పిల్ల మొహం చిన్నబోయింది. నేనే దాన్ని వెంటబెట్టుకుని వీధి చివర సైకిలు షాపుకి వెళ్ళాను.

షాపు కుర్రాడు వెనక చక్రం గాల్లో ఉండేట్టు సైకిలుని వేలాడదీసి, పెడలు చేత్తో తిప్పుతూ చూశాడు. "చైను బాగానే ఉందమ్మా. దాన్ని నడిపించేదే దారి తప్పింది" అన్నాడు.

వెనక ఇరుసు మీద చిన్నా పెద్దా ఏడు పళ్ళచక్రాలు. పెద్ద చక్రం మీద చైను పడితే తొక్కడం తేలిక, చిన్నదాని మీద పడితే వేగం. వాటికింద వేలాడే బుల్లి యంత్రం ఒకటి చైనుని అటూ ఇటూ జరుపుతుంది. దానికి రెండు మరలు. ఒకటి చైను స్పోకుల్లోకి పడకుండా హద్దు, రెండోది అవతలి వైపు జారకుండా హద్దు. ఈ రెండోది వదులైందట, అందుకే పల్లంలో ఊడుతోంది. కుర్రాడు దాన్ని కాస్త బిగించాడు. ఇక ఎత్తులో మొరాయింపు కేబులు సాగడం వల్ల. కేబులు చివరనున్న గుండ్రటి మరని చేత్తో అర చుట్టు తిప్పాడు. పెడలు తిప్పి విన్నాడు. ఇంకో పావు చుట్టు తిప్పాడు. వీణ తీగ శ్రుతి చేస్తున్నవాడిలా ఉన్నాడు. ఆ కరకర కాస్తా మాయమైంది!

ఆ యంత్రం పేరు డీరైలర్. ఫ్రెంచి మాట. పట్టాలు తప్పించేది అని అర్థం. రైలు పట్టాలు తప్పితే ఉపద్రవం, ఇక్కడేమో తప్పించడమే ఉద్యోగం!

మావారి మాట ములుకులా గుచ్చుతూనే ఉంది. ఊరుకోలేక దీని చరిత్ర తిరగేశాను. తీరా చూస్తే, ఆ మాట నూరేళ్ళకి ముందే ఫ్రాన్సులో ఒక మహానుభావుడు అనేశాడు.

ఫ్రాన్సులో సెయింట్ ఎటియెన్ అని ఒక ఊరుంది. అక్కడ పాల్ ద వివీ అనే పట్టు వర్తకుడు సైకిలు మోజులో పడి వ్యాపారం వదిలేశాడు. 1887లో సైకిలు షాపు తెరిచి, ఒక సైకిలు పత్రిక కూడా పెట్టాడు. 'వెలోసియో' ఆయన కలం పేరు. ఒకరోజు ఆయన ఊరి దగ్గర కొండ మీద రొప్పుతూ తొక్కుతుంటే, పైపు కాలుస్తూ ఒక కుర్రాడు పక్కనించి దర్జాగా దాటిపోయాడని చెబుతారు. అవమానమే, అయినా కోపం తెచ్చుకోకుండా ఆయన ఆలోచనలో పడ్డాడు. ఎత్తుకొక గేరు, చదునుకొక గేరు ఎందుకుండకూడదు? మొదట రెండు పళ్ళచక్రాలు పెట్టి, దిగి చైనుని చేత్తోనే మార్చుకునేవాడు. అక్కణ్ణించి మొదలై గేర్ల కోసం జీవితమంతా వాదించాడు.

ఎదురు నిలిచినవాడు హెన్రీ డెగ్రాంజ్. సామాన్యుడు కాదు, 1893లో గంటలో 35 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టినవాడు. 1903లో 'టూర్ ద ఫ్రాన్స్' పందెం మొదలుపెట్టిందీ ఆయనే.

ఆ పందేనికి ఏడాది ముందే, 1902లో, పిరనీస్ పర్వతాల్లో ఒక పరీక్ష జరిగింది. రెండువేల మీటర్లు దాటిన టూర్మలే కనుమ. అటు ఎడ్వార్డ్ ఫిషర్ అనే పేరున్న పందెగాడు ఒకే గేరు సైకిలు మీద. ఇటు మార్త్ హెస్ అనే ఆడమనిషి మూడు గేర్ల సైకిలు మీద. దారి మొత్తంలో ఆమె ఒక్కసారి కూడా కాలు నేలకి ఆన్చలేదని పత్రికలు రాశాయి.

అప్పుడైనా డెగ్రాంజ్ ఒప్పుకున్నాడా? గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకేనని కొట్టిపారేశాడు! యంత్రం సాయంతో కాదు, కండబలంతో గెలవాలని ఆయన వాదన.

అదే టూర్మలే మీదికి 1910లో ఆయన పందెం మొదటిసారి వెళ్ళింది. ఆ ఏటి విజేత లపీజ్ అంతటివాడు కూడా కొంతదూరం దిగి సైకిలు నడిపించుకున్నాడు. దిగకుండా తొక్కినందుకు గారిగూ అనే ఆయనకి వంద ఫ్రాంకుల బహుమానం ఇచ్చారు. మరి ఎనిమిదేళ్ళ కిందట దిగకుండా తొక్కిన మార్త్ హెస్ ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు.

ఏళ్ళ తరబడి పందెగాళ్ళు కొండ కింద ఆగడం, వెనక చక్రం ఊడదీసి తిరగేసి బిగించుకోవడం, అవతలికి ఒక పన్ను చక్రం, ఇవతలికి ఒక పన్ను చక్రం. 1927లో ఇటలీ కొండల్లో మంచు పడుతుంటే, కంపాన్యోలో అనే పందెగాడికి వేళ్ళు కొంకర్లు పోయి నట్టు తిరగలేదంటారు. ఆ బాధలోంచే చటుక్కున చక్రం ఊడదీసే మీట పుట్టిందిట.

1936లో డెగ్రాంజ్ ఆరోగ్యం చెడి తప్పుకున్నాడు. 1937లో టూర్ ద ఫ్రాన్స్‌లో పెద్ద పందెగాళ్ళకీ డీరైలర్ అనుమతించారు. ఆ ఏడు రోజే లపెబీ దాంతోనే గెలిచాడు. మార్త్ హెస్ కొండ దాటిన ముప్ఫై అయిదేళ్ళకి! చూడ్డానికి వెలోసియో లేడు. 1930లో సొంత ఊళ్ళోనే ట్రాము కింద పడి పోయాడు.

ఆ తరవాత కూడా చాలాకాలం గేరు మీటకి ఆనవాళ్ళుండేవి కావు. తొక్కేవాళ్ళే చెవితో విని సరిచేసుకునేవారు. 1984లో జపాను కంపెనీ షిమానో 'టిక్' మని ఆగే మీట తెచ్చింది. ఒక టిక్కుకి ఒక చక్రం. అందుకే కేబులు వెంట్రుకవాసి సాగినా ఇవాళ చైను మొరాయిస్తుంది. మా కుర్రాడు అర చుట్టు తిప్పిందీ అందుకే!

ఇదంతా చదువుతుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఇంట్లోకి గ్రైండరు వచ్చిన రోజున "రోట్లో రుబ్బితేనే పిండి" అన్నారావిడ, నా చేతులు బొబ్బలెక్కడం కళ్ళారా చూసి కూడా. పని తేలికయితే మనిషి విలువ తగ్గుతుందని మనకెందుకో ఒక భయం. కష్టపడ్డంలో గొప్ప ఉంటే ఉండొచ్చు. కానీ కొండ అవతల చేరాల్సిన పని ఉన్నవాళ్ళకి గొప్పతో పనేముంది? గేరు కొండని తగ్గించదు, తొక్కే పని మన కాళ్ళదే. దిగక్కర్లేకుండా చేస్తుంది, అంతే.

నిన్న తెల్లవారుఝామున లేచి చూస్తే మావారు పక్కమీద లేరు. వరండాలో సైకిలూ లేదు. ముప్పావు గంటకి చెమటలు కక్కుతూ వచ్చి, "ఎత్తు మీద బాగానే లాగుతోందోయ్" అన్నారు.

నేనేమీ అనలేదు. ఆయనకి నలభై ఎనిమిది. డెగ్రాంజ్ గారి లెక్క ప్రకారం మూడేళ్ళుగా అర్హులే!