శస్త్రచికిత్స తరువాతి కాపలా

పరిగి ప్రాంతపు రైతులకు చెరువుకట్ట సంగతి మేము చెప్పనక్కరలేదు. గండి పూడ్చినంతమాత్రాన పని తీరదు. కట్ట వెనుక నేల చెమ్మగిల్లుతున్నదేమో అని ఏళ్ల తరబడి చూస్తూ ఉండవలసినదే. ప్రోస్టేటు గ్రంథికి కాన్సరు వచ్చి, శస్త్రచికిత్స జరిగినవారి విషయమూ ఇంతే.

ఈ గ్రంథిని సమూలంగా తొలగించే శస్త్రచికిత్సను 1904లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగు చేసినాడు. రోగం లోపల మిగిలినదా అన్న ప్రశ్నకు మాత్రం ఆనాడు జవాబు లేదు. నడుములో నొప్పి పుట్టి, ఎముకను పట్టిన తరువాతనే తెలిసేది. 1938లో గట్మన్ దంపతులు, ఎముకలకు పాకిన రోగుల రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజు పెరుగుతుందని చూపినారు. 1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్ ఆ కొలత ఆధారంగానే హార్మోను చికిత్సకు దారి తీసినాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది.

ఇక్కడ మన తెలుగువాని మాట చెప్పక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి, భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. ఫాస్ఫటేజు పరీక్షలలో కొన్ని, అది విడగొట్టిన భాస్వరాన్ని ఈ రంగుతోనే లెక్కకట్టేవి. ఆయన మందులను తలచుకొనే మనం ఈ రంగును మరచిపోతుంటాము.

అయితే ఫాస్ఫటేజు ఆలస్యంగా నోరు విప్పే సాక్షి. 1979లో అమెరికాలోని బఫలో నగరంలో వాంగ్ బృందం పి.యస్.ఏ. అనే మాంసకృత్తును ప్రోస్టేటునుండి వేరుచేసినది. 1986లో అక్కడి ప్రభుత్వం ఆ పరీక్షను అనుమతించినది రోగాన్ని కనిపెట్టటానికి కాదు, చికిత్స పొందినవారిని కనిపెట్టి ఉండటానికి! గ్రంథిని పూర్తిగా తీసివేస్తే కొన్ని వారాలలో అది రక్తంలో దాదాపు కనబడకుండా పోవలెను. మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములకు చేరి, మరల చేసిన పరీక్షలోనూ తగ్గకుంటే, రోగం తిరిగి తలయెత్తినట్లు వైద్యులు లెక్కిస్తారు.

అంతమాత్రాన గుండె జారవిడువనక్కరలేదు. జాన్స్ హాప్కిన్స్ వారు 1999లో ప్రకటించిన పరిశీలనలో, శస్త్రచికిత్స పొందిన 1997 మందిలో 315 మందికి ఈ అంకె పెరిగినది. వారిలో వెంటనే హార్మోను చికిత్స పొందనివారికి, రోగం దేహంలో ఇతరచోట్ల బయటపడటానికి మధ్యస్థ గణన ప్రకారం 8 సంవత్సరాలు పట్టినది. ఆ వ్యవధి చేతిలో ఉన్నప్పుడే, అంకె తక్కువగా ఉండగానే, రేడియేషను చికిత్స బాగుగా పనిచేస్తుంది. అంకె ఎంత త్వరగా రెట్టింపవుతున్నదో కూడా వైద్యుడు చూస్తాడు.

ఒంట్లో బాగానే ఉన్నది కదా అని పరీక్ష మానుకొనేవారిని చూస్తే మాకు బెంగ కలుగుతుంది. రోగం మొదట పలికేది ఆ అంకెలోనే, నొప్పిలో కాదు. వీలైనంతవరకు ఒకే పరీక్షాశాలలో రక్తమిచ్చి, చీటీలను తేదీల వరుసను దాచవలెను. క్రితం చీటీ లేనిదే, ఈనాటి అంకె పెరిగినదో నిలిచినదో వైద్యునికైనా తెలియదు.